కాతేరు ఆల్చిప్ప, డార్విన్ పగడపు దీవి

మన బడి స్వర్ణోత్సవ సంచికకు ఎవరైనా మహనీయుడి జీవితం గురించి రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు నాకు ముందు కాతేరు క్వారీ గుర్తొచ్చింది, ఆ తర్వాతే ఛార్లెస్ డార్విన్. ఈ రెండింటికీ పొత్తేమిటని మీరు అడగొచ్చు. ఆ పొత్తు కలిపింది మన సైన్సు మాస్టారు.

1983లో మేము తొమ్మిదో తరగతిలో ఉన్నాం. ఒక ఆదివారం మాస్టారు మమ్మల్ని డజను మందిని సైకిళ్ల మీద కాతేరు తీసుకెళ్లారు. అక్కడ కంకర కోసం నల్లరాయి కొట్టే క్వారీలో గోడలా నిలబడ్డ రాతిని చూపించారు. కింద నల్లరాయి, పైన నల్లరాయి, మధ్యలో తెల్లటి పట్టీలా సున్నపురాయి. ఆ తెల్లరాయి ముక్క ఒకటి పగలగొడితే లోపల ఆల్చిప్ప అచ్చు. నల్లరాయి అంటే ఒకప్పుడు మరుగుతూ పారిన లావా అని, దానికి వయసు ఆరున్నర కోట్ల ఏళ్ల పైమాటేనని మాస్టారు చెప్పారు. రెండు లావాల మధ్యకు ఆల్చిప్ప ఎలా వచ్చిందో ఆలోచించుకు రమ్మని పంపేశారు. మేము ఆలోచించలేదు. దారిలో ముంజలు తిని ఇళ్లకు పోయాం.

ఆ ఏడాది క్వార్టర్లీ పరీక్షలో పగడాల మీద ప్రశ్న వచ్చింది. పగడపు పురుగులు సముద్రం అడుగు నుంచి ఒకదాని మీద ఒకటి కట్టుకుంటూ పైకి వచ్చి దీవులవుతాయని నేను గట్టిగా రాశాను. మాస్టారు సగం మార్కులు కోసేసి, అంత లోతున వాటికి ఎండ ఎక్కడిదని ఎర్రసిరాతో పక్కన రాశారు. నాకు ఉక్రోషం వచ్చింది. పుస్తకంలో లేని దానికి మార్కులు కోయడమేమిటని ఇంట్లో గొణిగాను. ఆ ఎర్రసిరా ప్రశ్నకు నూట యాభై ఏళ్ల ముందే జవాబు వెతికిన మనిషి డార్విన్ అని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

డార్విన్ అనగానే అందరికీ కోతి గుర్తొస్తుంది. కానీ ఆయన శాస్త్రజ్ఞుడిగా పేరు తెచ్చుకున్నది ముందు రాళ్లతో.

1809 ఫిబ్రవరి 12న ఇంగ్లాండులోని ష్రూస్‌బరీలో పుట్టాడు. తండ్రి పేరున్న డాక్టరు. ఎనిమిదేళ్లకే తల్లి పోయింది. బడిలో మొద్దు కాదు గానీ మెరిక కూడా కాదు. పురుగులు ఏరడం, వేట, కుక్కలు, వీటి మీదే ధ్యాస. ఈ పిల్లవాడు ఎందుకూ కొరగాడేమోనని తండ్రి బెంగపడ్డాడు. డాక్టరు చదువుకి ఎడింబరో పంపితే, మత్తుమందు లేని ఆ రోజుల్లో ఒక పిల్లవాడికి చేస్తున్న ఆపరేషను చూడలేక బయటికి పరుగెత్తాడు. ఆ చదువు అక్కడితో సరి. పోనీ చర్చి ఫాదరైనా అవుతాడని కేంబ్రిడ్జి పంపారు. అక్కడ వృక్షశాస్త్రం ప్రొఫెసరు హెన్‌స్లో ఈ కుర్రవాడిలో ఏదో చూశాడు. ఆయన చలవతోనే 1831 వేసవిలో సెడ్జ్‌విక్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడి వెంట వేల్స్ కొండల్లో తిరిగి రాయి చదవడం నేర్చుకున్నాడు. ఒక మాస్టారి కంటపడితే పిల్లవాడి బతుకు ఎలా మలుపు తిరుగుతుందో ఇక్కడున్న మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అదే ఏడు బీగిల్ అనే ఓడ దక్షిణ అమెరికా తీరాలు కొలవడానికి బయలుదేరుతుంటే, ప్రకృతి శాస్త్రం తెలిసిన తోడు కావాలన్నారు. హెన్‌స్లో డార్విన్ పేరు చెప్పాడు. తండ్రి ససేమిరా అన్నాడు. మేనమామ జోసయా వెడ్జ్‌వుడ్ వెళ్లి నచ్చజెబితే సరేనన్నాడు. మేనమామ మాటకి ఇంగ్లాండులోనూ మనకున్నంత విలువే ఉందన్నమాట. 1831 డిసెంబరు 27న ఓడ కదిలింది. డార్విన్‌కి ఇరవై రెండేళ్లు. రెండేళ్లకని బయలుదేరిన ప్రయాణం దాదాపు ఐదేళ్లు సాగింది. ఆ ఐదేళ్లూ ఓడ ఊగితే చాలు, ఆయనకి వాంతులే.

ఓడలో ఆయన చేతిలో లయెల్ రాసిన భూగర్భ శాస్త్రం పుస్తకం ఉంది. కొండలూ లోయలూ ఒక్కరోజు ప్రళయంతో కాక, ఇవాళ మన కళ్ల ముందు జరిగే చిన్నచిన్న మార్పులే కోట్ల ఏళ్లు పేరుకుని ఏర్పడతాయని అందులోని సారాంశం. దానికి రుజువు డార్విన్ కాళ్ల కిందే కదిలింది. 1835 ఫిబ్రవరి 20న చిలీలోని వాల్దీవియా దగ్గర అడవిలో నడుం వాల్చి ఉండగా పెద్ద భూకంపం వచ్చింది. కొన్నాళ్లకు కన్సెప్షన్ ఊరి దగ్గర చూస్తే తీరం కొన్ని అడుగులు పైకి లేచింది. ఒక దీవిలో సముద్రపు గుల్లలు నీటిమట్టానికి పది అడుగుల పైన, రాతిని అంటుకునే కుళ్లిపోతున్నాయి. ఆండీస్ కొండల మీద ఎంతో ఎత్తున సముద్రపు గవ్వలు ఎందుకున్నాయో ఆయనకి అప్పుడు తట్టింది. నేల లేస్తోంది. ఒకచోట లేస్తే ఇంకోచోట కుంగాలి కదా అనుకున్నాడు.

ఆ రోజుల్లో నావికులకు పెద్ద పొడుపుకథ ఒకటుండేది. నడి సముద్రంలో ఉంగరంలా గుండ్రంగా ఉండే పగడపు దీవులు. మధ్యలో లోతు తక్కువ మడుగు, చుట్టూ సన్నటి గట్టు, గట్టు దాటితే అంతులేని లోతు. పగడాలు ఎండ తగిలే పైనీటిలోనే బతుకుతాయి. మరి అంత లోతు సముద్రంలో అవి దేని మీద కాలుపెట్టి పైకి వచ్చాయి? నీళ్ల కింద మునిగిన అగ్నిపర్వతాల నోటి అంచుల మీద మొలిచాయని లయెల్ చెప్పాడు. అలాగైతే అన్ని వందల కొండలు కొలిచి కట్టినట్టు నీటిమట్టానికి కాస్త కిందనే ఎందుకు ఆగాయని డార్విన్ సందేహం.

ఆయన జవాబు ఇది. మొదట సముద్రంలో అగ్నిపర్వతం లేచి దీవి అవుతుంది. దాని ఒడ్డును అంటుకుని పగడాలు పెరుగుతాయి. ఆ కొండ మెల్లగా కుంగుతుంది. కుంగిన కొద్దీ పగడాలు పాతవాటి అస్థిపంజరాల మీద కొత్తవి కట్టుకుంటూ ఎండలోనే నిలుస్తాయి. కొంతకాలానికి కొండకీ పగడపు గట్టుకీ మధ్య నీరు చేరుతుంది. చివరికి కొండ పూర్తిగా మునిగిపోయి ఉంగరం మిగులుతుంది. కింద నల్లరాయి, పైన వందల మీటర్ల సున్నపురాయి. అందులో ప్రతి పొరా తాను పుట్టిన రోజున ఎండలో ఉన్నదే.

విచిత్రం ఏమిటంటే, ఈ ఆలోచన వచ్చేనాటికి ఆయన ఒక్క పగడపు దిబ్బ కూడా చూడలేదు. చిలీ తీరంలో లేచే నేలను చూసి, కుంగే నేలను ఊహించాడు. తర్వాత సరిచూసుకోవడానికి బయలుదేరాడు. 1835 నవంబరులో తాహితి కొండ ఎక్కి ఎదురుగా ఉన్న మూరియా దీవిని చూశాడు. కొండ చుట్టూ నీరు, నీటి చుట్టూ తెల్లటి నురగ గీత, పటానికి ఫ్రేము కట్టినట్టు. కొండను తీసేస్తే మిగిలేది ఉంగరమే.

1836 ఏప్రిల్లో హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవులకు చేరారు. అక్కడ చేసిన పని చూస్తే నాలోని ఇంజనీరు ఇప్పటికీ మురిసిపోతాడు. సీసపు గుండు అడుగున పశువుల కొవ్వు రాసి తాడుతో నీళ్లలోకి దించేవారు. పది బారల లోతు వరకూ కొవ్వు మీద బతికున్న పగడాల అచ్చులు శుభ్రంగా పడ్డాయి. ఇంకా కిందికి పోతే ఇసుక రేణువులు అంటుకోవడం మొదలైంది. గట్టు కట్టే పగడాలు ఇరవై ముప్పై బారలకు మించి లోతున బతకవని తేల్చాడు. గట్టుకి రెండు కిలోమీటర్ల దూరంలో కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ 1,200 బారల తాడు దించితే అడుగు తగల్లేదు. సముద్రం అడుగు నుంచి నిటారుగా లేచిన కొండ మీద ఉన్నామన్నమాట. కాస్త కొవ్వు, సీసం, తాడు. అంతకు మించిన పరికరం లేదు.

అక్కడి నుంచి మారిషస్. పోర్ట్ లూయీ వీధుల్లో రోడ్డు పనులు చేస్తున్న భారతీయ ఖైదీలను చూసి, వాళ్ల రూపానికీ నడవడికకూ ముచ్చటపడ్డాడు. ఆ తర్వాతి ఏళ్లలో మన కోరంగి రేవు నుంచి చెరకు తోటల పనికి అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లను ఆ దీవిలో కోరంగివాళ్లు అనే పిలిచేవారు. మారిషస్ ఎలా పుట్టిందన్న సంగతికి మళ్లీ వస్తాను.

1836 అక్టోబరులో ఇల్లు చేరాడు. మరుసటి ఏడు మే 31న లండన్ జియలాజికల్ సొసైటీలో పగడపు దీవుల సంగతి చదివాడు. లయెల్ తన సొంత సిద్ధాంతం పోయిందని బాధపడకపోగా, సంబరపడి ఈ కుర్రవాడినే ముందుకు తోశాడు. పుస్తకం 1842లో వచ్చింది. నౌకాపటాలు, ప్రయాణ వృత్తాంతాలు తిరగేస్తూ దాని మీద ఇరవై నెలలు కూర్చున్నాడు. మాల్దీవులూ లక్షదీవులూ కొలిచిన కెప్టెన్ మోర్స్‌బీ నుంచీ వివరాలు తెప్పించుకున్నాడు. ప్రపంచ పటం మీద కుంగేచోట్ల ఉన్న దిబ్బలకు నీలం, తీరాన్ని అంటుకున్న వాటికి ఎరుపు వేసి చూపించాడు.

ఈలోగా 1839లో మేనమామ కూతురు ఎమ్మాను పెళ్లాడాడు. 1842లో డౌన్ అనే పల్లెకు కాపురం మార్చి నలభై ఏళ్లు అక్కడే ఉన్నాడు. పదిమంది పిల్లలు పుడితే ముగ్గురు చిన్నప్పుడే పోయారు. పదేళ్ల ఆనీ 1851లో పోయినప్పుడు తగిలిన దెబ్బ నుంచి ఆయన చివరిదాకా తేరుకోలేదు. ఒంట్లో ఎప్పుడూ నలతే. అయినా ఓడల అడుగున పట్టే బార్నకిల్స్ అనే చిన్న జీవుల మీద ఎనిమిదేళ్లు పనిచేశాడు. 1859లో వచ్చిన జీవజాతుల పుట్టుక పుస్తకం కథ అందరికీ తెలిసిందే కనుక దాని జోలికి పోను. ఒక్క మాట. రోజుకింత చొప్పున జరిగే మార్పు కోట్ల ఏళ్లలో కొండంత అవుతుందన్న నమ్మకం ఆయనకి జీవుల దగ్గర కన్నా ముందు రాళ్లలో, పగడాల్లో కుదిరింది.

ఆయన చెప్పిందల్లా నిజమని కాదు. స్కాట్లాండులోని గ్లెన్ రాయ్ లోయలో మెట్లలా కనిపించే గట్లు పాత సముద్రతీరాలని 1839లో రాశాడు. అవి మంచుగడ్డలు అడ్డుపడి నిలిచిన చెరువుల గట్లని తర్వాత తేలింది. తన తప్పును దాచకుండా ఒప్పుకున్నాడు. పగడాల విషయంలో మాత్రం ఎవరెంత కాదన్నా వెనక్కి తగ్గలేదు, ఎందుకంటే తన లెక్కలో తప్పు ఎవరూ చూపలేదు.

కాదన్నవాళ్లు చిన్నవాళ్లేం కాదు. ఛాలెంజర్ ఓడ మీద సముద్రాలన్నీ శోధించి వచ్చిన జాన్ ముర్రే 1880లో వేరే మాట చెప్పాడు. నేల కుంగనక్కర్లేదని, సముద్రజీవుల గుల్లలు వానలా రాలి పేరుకుని దిబ్బలై, వాటి మీద పగడాలు మొలుస్తాయని ఆయన వాదన. అమెరికాకు చెందిన అలెగ్జాండర్ అగాసీ కూడా డార్విన్‌ని ఒప్పుకోలేదు. వీళ్లలో ఎవరిది నిజమో తేలాలంటే దారి ఒక్కటే, పగడపు దీవిలో బోరు వేయాలి. లోతు దాకా ఎండలో పెరిగే పగడాలే వచ్చి, చివర లావా తగిలితే డార్విన్ గెలిచినట్టు. 1881లో డెబ్బై రెండేళ్ల ముసలి డార్విన్ ఆ అగాసీకే ఉత్తరం రాశాడు. తాను తప్పయితే ఆ తప్పు ఎంత త్వరగా తేలితే అంత మంచిదని, ఎవరైనా కోటీశ్వరుడికి బుద్ధి పుట్టి పసిఫిక్, హిందూ మహాసముద్రాల్లోని పగడపు దీవుల్లో ఐదారు వందల అడుగుల బోరు వేయించి ఆ రాయి తెప్పిస్తే బాగుండునని అందులోని ఆశ. కోటీశ్వరుడు ఎవరూ రాలేదు. 1882 ఏప్రిల్ 19న డార్విన్ కన్నుమూశాడు. వెస్ట్‌మినిస్టర్ అబేలో సమాధి చేశారు. బోరు పడలేదు.

తర్వాత కథ మా డ్రిల్లింగ్ వాళ్లది. 1896 నుంచి 1898 దాకా రాయల్ సొసైటీ వారు పసిఫిక్‌లోని ఫునాఫుటి దీవిలో మూడు విడతలు బోరు వేశారు. 1,114 అడుగులు దిగినా సున్నపురాయే తప్ప లావా తగల్లేదు. రెండు పక్షాలూ తామే గెలిచామన్నాయి. చివరికి 1952లో ఎనివెటాక్ దీవిలో తేలింది. అక్కడ అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్షకు సన్నాహాలు చేసుకుంటూ, దీవి కింద ఏముందో తెలియడానికి లోతైన బోర్లు వేయించింది. ఒక బోరులో సుమారు 1,270 మీటర్లు, ఇంకోదానిలో సుమారు 1,400 మీటర్లు, దారంతా లోతు తక్కువ నీటిలో పెరిగిన జీవుల సున్నపురాయి. దాని కింద నల్లటి బసాల్ట్. డార్విన్ పోయిన డెబ్బై ఏళ్లకు, కోటీశ్వరుడి డబ్బుతో కాక బాంబు ఖాతాలో, ఆయన మాట నిలిచింది. మంచుయుగాల్లో సముద్రమట్టం దిగి లేచినప్పుడు కూడా ఈ ఉంగరాల రూపు కొంత మారిందని తర్వాతివారు చేర్చారు. అసలు సంగతి, కింద కొండ కుంగడం, మాత్రం అలాగే ఉంది.

అన్ని కొండలూ ఈ పందెంలో నెగ్గలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడ కెప్టెన్‌గా పసిఫిక్ దాటుతూ హ్యారీ హెస్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు, లోతు కొలిచే యంత్రం ఆపకుండా నడిపి, నీళ్ల కింద తల నరికినట్టు చదునుగా ఉన్న కొండలు ఎన్నో కనిపెట్టాడు. అలాంటి కొన్నిటి తలల మీద తర్వాత లోతు తక్కువ నీటి జీవుల రాళ్లు దొరికాయి. పగడాలు, గుల్లలు కొంతకాలం కొండతో పాటు పెరిగి, ఏదో కారణాన పెరుగుదల ఆగింది. కొండ కుంగుతూనే ఉంది. ఇప్పుడవి చీకట్లో ఉన్నాయి.

నాకు ఇదంతా పుస్తకంలో కాదు, నైట్ డ్యూటీలో అర్థమైంది. 1990లలో రాజోలు వైపు ఒక బావి దగ్గర పని. కిలోమీటర్ల ఒండ్రు, బంకరాయి, ఇసుకరాయి దాటాక డ్రిల్లింగ్ వేగం ఒక్కసారి పడిపోయింది. షేల్ షేకర్ మీదికి నల్లటి పలుకులు వచ్చాయి. బిట్ అరిగిపోతుందన్నదే నా దిగులు. మా జియాలజిస్టు మాత్రం పండగ చేసుకున్నాడు. అది కాతేరు, పంగిడి, దుద్దుకూరు క్వారీల్లో కనిపించే లావాయేనట. లావా పొరల మధ్య వచ్చిన తెల్లటి పలుకుల్ని మైక్రోస్కోపు కింద పెట్టి, తీరం దగ్గరి నీళ్లలో బతికే అతి చిన్న గుల్లలు చూపించాడు. నాకు కాతేరు ఆల్చిప్ప కళ్లముందు మెదిలింది. అక్కడ సైకిలు దిగి చేత్తో తాకిన రాయి ఇక్కడ నా కాళ్ల కింద కిలోమీటర్ల లోతున ఉంది. లావా చల్లారింది, దాని మీదికి సముద్రం వచ్చింది, ఆల్చిప్పలు బతికాయి, మళ్లీ లావా పారింది. ఆ తర్వాత ఇటువైపు నేల కుంగుతూ పోయింది, నదులు మోసుకొచ్చిన మట్టి దాని మీద పేరుకుంటూ వచ్చింది. ఆ రాత్రి రిగ్గు మీద నిలబడి తొమ్మిదో తరగతి ప్రశ్నకు జవాబు చెప్పుకున్నాను.

ఇంకా ఆశ్చర్యం, ఈ రెండు కథలూ ఒకటే. మన లావాకు మూలమైన దక్కన్ లావాలు భూగర్భంలోని ఒక వేడి ఊట నుంచి వచ్చాయి. భారత భూఖండం ఉత్తరానికి జరిగిపోతుంటే ఆ ఊట దక్షిణాన వరసగా అగ్నిపర్వతాలు లేపుతూ వచ్చింది. లక్షదీవులు, మాల్దీవులు, చాగోస్ దీవుల కింద మునిగిన కొండలు అవే. డార్విన్ నడిచిన మారిషస్ దాని తర్వాతి పుట్టుకే. ఇప్పుడు ఆ ఊట రీయూనియన్ దీవి కింద ఉంది. 1987లో జాయిడెస్ రెజల్యూషన్ అనే డ్రిల్లింగ్ ఓడ మాల్దీవుల తూర్పున, రెండు కిలోమీటర్లకు పైగా నీటి కింద బోరు వేస్తే, గాలిలో చల్లారిన లావా, దాని మీద లోతు తక్కువ నీటి సున్నపురాయి వచ్చాయి. ఒకప్పుడు అది దీవి. డార్విన్ అడిగిన హిందూ మహాసముద్రపు బోరు అలా పడింది.

ఇప్పుడు నన్ను బెంగపెట్టే మాట ఒకటి చెప్పి ముగిస్తాను. డార్విన్ మనకు నేర్పింది నేల కుంగుతుందని మాత్రమే కాదు. కుంగినా నిలవొచ్చు, పెరుగుదల ఆగనంతకాలం. మన డెల్టా కూడా తన బరువుకి తానే మెల్లగా అణుగుతుంది. వరద తెచ్చిన ఒండ్రు ఆ లోటు పూడుస్తూ వచ్చింది కనుకే కోనసీమ ఉంది. ఎగువ జలాశయాల్లో ఆ ఒండ్రు చాలావరకు ఆగిపోతోంది, సముద్రమట్టం పెరుగుతోంది. ఉప్పాడలో సముద్రం మింగిన ఇళ్లు మనం కళ్లారా చూశాం. ఆనకట్టలు, జలాశయాలు లేకపోతే మనకు అన్నం లేదు, ఇంజనీరుగా నాకది తెలుసు. కానీ నీళ్లకు లెక్క కట్టినట్టే ఒండ్రుకీ లెక్క కట్టాల్సిన రోజు వచ్చింది. ఆ లెక్క కట్టేది ఇప్పుడు మన బడి బెంచీల మీద కూర్చున్న పిల్లలే.

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి. ఒక్క ఆదివారం పిల్లల్ని క్వారీకి తీసుకెళ్లండి. యజమాని అనుమతి తీసుకుని, పేలుళ్లు లేని రోజు చూసుకుని వెళ్లండి. ఆ తెల్లపట్టీ కంకరలో కలిసిపోకముందే చూపించండి. జవాబు చెప్పకండి. బస్సు ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది.

మాస్టారు ఇప్పుడు లేరు. రిగ్గు మీది ఆ రాత్రి సంగతి ఉత్తరం రాద్దామనుకుంటూనే ఆలస్యం చేశాను. కోసిన మార్కులు సబబేనని ఆయనకి చెప్పలేకపోయాను. ఈ సంచికలో చెప్పుకుంటున్నాను.